చేత్తో చెక్కిన టేకు స్టాక్, తుప్పు పట్టిన బారెల్: ఏ ఫినిష్ వేయాలి?

మల్కాజ్‌గిరి_టేకు:
నమస్తే అందరికీ. ఇక్కడి పోస్టులు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా బాబాయి దగ్గర ఒక పాత బ్రేక్ బారెల్ ఎయిర్ రైఫిల్ ఉండేది, అంటే బారెల్‌ని కిందికి వంచి గుండు పెట్టే రకం. బారెల్ లోపలి వ్యాసం 0.177 అంగుళాలు. దాని చెక్క పిడి, అంటే స్టాక్, పట్టు దగ్గర నిలువునా చీలిపోయి అటక మీద పడి ఉంటే నాకిచ్చేశారు. కరీంనగర్‌లో తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు దాచుకున్న ద్వారబంధం చెక్క ఒకటి నా దగ్గరుంది. పాత టేకు. దానితో కొత్త స్టాక్ నేనే చెక్కాను. ఆదివారాలు మాత్రమే కుదిరేది కాబట్టి నాలుగు నెలలు పట్టింది. బారెల్, స్ప్రింగ్, ట్రిగ్గర్ అన్నీ కంపెనీవే, వాటి జోలికి పోలేదు.

ఇప్పుడు 320 నంబర్ రేగ్‌మాల్ దాకా కొట్టాను. ఇక్కడ ఆగిపోయాను. మా వీధిలో కార్పెంటర్ "పీయూ స్ప్రే కొట్టించండి సార్, అద్దంలా ఉంటుంది" అంటున్నాడు. పీయూ అంటే పాలీయురేథేన్ వార్నిష్. విదేశీ వీడియోల్లో అందరూ నూనె రుద్దుతున్నారు. అక్కడ విడి భాగాలతో ఇంట్లోనే రైఫిల్ బిగించుకునేవాళ్లు సెరాకోట్, అనోడైజింగ్ అంటుంటే నాకు సగం అర్థం కావట్లేదు. బారెల్ మీద నల్ల రంగు పోయి, చెయ్యి పడే చోటల్లా గోధుమ రంగు తుప్పు కనిపిస్తోంది. ఇంకో ఆశ కూడా ఉంది, దాని మీద ఎక్కడో ఒకచోట చిన్న అలంకారం ఉండాలని. బిద్రీలాంటి నలుపు బారెల్‌కి వస్తుందా?

నాలుగు నెలల కష్టం. చివర్లో చెడగొట్టుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది.

వేదిక_నిర్వాహకుడు:
స్వాగతం. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఈ చర్చ చెక్క, రంగు, తుప్పు గురించి మాత్రమే. లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేయడం మన దేశంలో ఆయుధాల చట్టం 1959 ప్రకారం నేరం. విదేశీ వీడియోలు చూసి ఆ వైపు ప్రశ్నలు వేయొద్దు, తీసేస్తాను. ఎయిర్ రైఫిల్ అయినా 0.177 దాటినా, 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి. మన టేకు గారిది ఆ లోపే కాబట్టి కొనసాగించండి.

పాలిష్_మేస్త్రి_కొడుకు:
అన్నా, ముందు చెక్క సంగతి చెప్తాను. మా నాన్న ముప్పై ఏళ్లు స్పిరిట్ పాలిష్ చేశారు, ఆయన చేతి కింద పెరిగాను. టేకులో సహజంగానే జిడ్డు ఉంటుంది. పాత టేకు అయినా సరే, కొత్తగా చెక్కిన ముఖం మీద ఆ జిడ్డు మళ్లీ పైకి వస్తుంది. నేరుగా పీయూ కొడితే కొన్నిచోట్ల ఆరదు, బంక బంకగా ఉండిపోతుంది. ఏది వేసినా సరే, వేసే ముందు అసిటోన్‌లో ముంచిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ పసుపు రంగులోకి వస్తుంది చూడండి, అదే ఆ జిడ్డు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, అసిటోన్ ఆరగానే మొదటి పూత వేసేయాలి. మర్నాటికి వదిలేస్తే మళ్లీ ఊరుతుంది.

ఇంకోటి. 320 కొట్టాక తడి గుడ్డతో ఒకసారి తడపండి. పీచు లేచి చెక్క గరుకవుతుంది, కంగారు పడొద్దు. ఆరాక అదే 320తో చేతి బరువు వేయకుండా కొట్టండి. ఇది చేయకపోతే మొదటి పూతకే ఆ పీచు లేస్తుంది.

నన్నడిగితే లక్క పాలిష్. స్పిరిట్‌లో లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, దూది పొట్లంతో రుద్దితే టేకు గీత లోపలి నుంచి వెలుగుతుంది. ఆ లోతు పీయూకి రాదు.

గచ్చిబౌలి_రేంజ్:
తమ్ముడూ, మీ నాన్నగారి పని మీద గౌరవంతోనే చెప్తున్నాను, బీరువాకి లక్క బాగుంటుంది గానీ రైఫిల్‌కి వద్దు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గంటసేపు నిలబడి చూడు. చెంప ఆనే చోట, అరచేయి పట్టే చోట చెమట కారుతూనే ఉంటుంది. లక్క తడికి తెల్లబడుతుంది, వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో కేసు పెట్టి మర్చిపోతే, తీసి చూసేసరికి కేసులోని స్పాంజి ముద్ర స్టాక్ మీద అచ్చు పడుతుంది. నాకు తెలిసిన అమ్మాయికి అలాగే జరిగింది, ఎంత ఏడ్చిందో.

టేకు గారూ, మీరు అడగాల్సింది ఏది మెరుస్తుంది అని కాదు. గీత పడితే నేను ఇంట్లో బాగు చేసుకోగలనా అని అడగండి. రైఫిల్‌కి గీతలు తప్పవు. పీయూ అనేది చెక్క మీద ప్లాస్టిక్ పొరలాంటిది. నీటిని బాగా ఆపుతుంది, కాదనను. కానీ ఒకచోట పొర లేచిందంటే దాని కింద తేమ చేరి తెల్ల మచ్చ పడుతుంది, అది పోవాలంటే ఆ వైపంతా గీకి మళ్లీ స్ప్రే కొట్టాల్సిందే. నూనె ఫినిష్ అయితే గీత పడ్డ చోట 400 నంబర్ కాగితంతో రుద్ది, రెండు చుక్కలు వేసి తుడిస్తే కలిసిపోతుంది. పైగా పీయూ మెరుపు ఎండలో కంట్లో కొడుతుంది. నూనెకి ఆ బాధ లేదు.

ఇప్పటి పోటీ రైఫిళ్లు చూడండి, ఎక్కువ భాగం అల్యూమినియం స్టాక్‌లే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. అంత చిన్న లెక్కలో చెక్క తేమ పీల్చి ఉబ్బినా, ఎండిపోయినా తేడా తెలుస్తుంది. మీది సరదాకి వాడే రైఫిల్ కాబట్టి చెక్కే మంచిది. కానీ ఆ కదలికని తగ్గించడమే ఫినిష్ చేయాల్సిన అసలు పని.

అందుకే బయట ఎంత వేశారో లోపలా అంత వేయండి. యాక్షన్ (బారెల్, ట్రిగ్గర్ ఉన్న లోహ భాగం) కూర్చునే గాడి, స్క్రూ రంధ్రాలు, వెనక ప్లేటు కింద కోసిన ముఖం. చెక్క అడ్డంగా కోసిన చోట గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, నీళ్లు తాగేది అక్కడి నుంచే. పైన అద్దంలా మెరుస్తూ లోపల పచ్చి చెక్క ఉన్న స్టాక్‌లు ఎన్ని చూశానో.

కూకట్‌పల్లి_కుర్రాడు:
సర్, చిన్న డౌట్. ఇంట్లో కొబ్బరి నూనె రాస్తే సరిపోదా? మా అమ్మమ్మ రోకలికి అదే రాసేది.

గచ్చిబౌలి_రేంజ్:
రోకలికి సరిపోతుంది, అది రోజూ వాడే వస్తువు. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె ఆరవు. చెక్కలో తడిగానే ఉండి దుమ్ము పట్టుకుంటాయి, కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసన వస్తుంది. అవిసె నూనె, టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నూనె) అలా కాదు. అవి గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడతాయి. క్రికెట్ బ్యాట్‌కి అవిసె నూనె రాసేవాళ్లం కదా, అదే. కాకపోతే షాపులో తినడానికి అమ్మే పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. పెయింట్ షాపుల్లో 'బాయిల్డ్' అని అమ్మేదాంట్లో ఆరబెట్టే లోహ లవణాలు కలుపుతారు, ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. టంగ్ నూనె నీటికి ఇంకా బాగా తట్టుకుంటుంది, రంగు కూడా అంత పసుపెక్కదు. డానిష్ ఆయిల్ పేరుతో వచ్చేది నూనె, వార్నిష్, థిన్నర్ కలిపింది. మొదటిసారి చేసేవాళ్లకి నేను అదే చెప్తాను.

బోడుప్పల్_అక్క:
నూనె మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పి తీరాలి. దయచేసి అందరూ చదవండి.

రెండేళ్ల కిందట మే నెలలో డాబా మీద ఒక పాత కుర్చీకి బాయిల్డ్ అవిసె నూనె రుద్దాను. తుడిచిన గుడ్డలన్నీ ఉండ చుట్టి ప్లాస్టిక్ బకెట్‌లో పడేసి, కిందికి దిగి అన్నం తిన్నాను. సాయంత్రం ఆరేసిన బట్టలు తేవడానికి పైకి వెళ్తే ఒక రకమైన మాడు వాసన, చేపలు మాడినట్టు. బకెట్‌లో నుంచి సన్నగా పొగ వస్తోంది. గుడ్డ ఉండ మధ్యలో నల్లగా మాడింది, అంచులు మామూలుగానే ఉన్నాయి. చేత్తో పట్టుకోబోతే కాలింది. నీళ్ల డ్రమ్ము పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది, ఉండ చుడితే లోపలే పెరుగుతూ పోతుంది. అంతే.

ఆ రోజు నుంచి వాడిన ప్రతి గుడ్డనీ విడివిడిగా తీగ మీద ఆరేస్తాను. పూర్తిగా బిరుసెక్కాకే చెత్తలో వేస్తాను. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో ముంచండి. డానిష్ ఆయిల్ అయినా ఇదే జాగ్రత్త.

మల్కాజ్‌గిరి_టేకు:
అక్కా, చాలా థాంక్స్. ఇది నాకు అస్సలు తెలియదు. నేనూ బాల్కనీలో మూలన గుడ్డలు కుప్ప వేసేవాడినే.

చెక్క విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను, ముందు అదే ద్వారబంధం తునకల మీద మూడూ వేసి చూస్తాను. మరి బారెల్ సంగతి?

బాలానగర్_లేత్:
భయ్యా, నేను చెప్తా. ముందు ఒక్క హెచ్చరిక. బ్రేక్ బారెల్ రైఫిల్ లోపల స్ప్రింగ్ ఒత్తిడిలో ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా వెనక పిన్ను కొట్టొద్దు, ముఖం మీదికి దూసుకొస్తుంది. తెలిసినవాళ్ల దగ్గర విప్పించుకో. గాలిని నొక్కే గొట్టం, అంటే కంప్రెషన్ ట్యూబ్ లోపలికి నూనె, అసిటోన్ ఏదీ పోకూడదు. నూనె పోతే పేల్చినప్పుడు లోపల డీజిల్ ఇంజిన్‌లా మండి సీల్ పాడవుతుంది.

ఇప్పుడు నీ లిస్టు. అనోడైజింగ్ అంటే కరెంటుతో లోహం మీద ఆక్సైడ్ పొర పెంచడం, అల్యూమినియంలాంటి లోహాలకే, ఉక్కు బారెల్‌కి కుదరదు. విదేశీ వీడియోల్లో ఆ మాట ఎక్కువగా వినపడేది వాళ్ల రైఫిళ్ల రిసీవర్లు (ట్రిగ్గర్ భాగాలు కూర్చునే పెట్టె) అల్యూమినియం కాబట్టి. పౌడర్ కోటింగ్ జీడిమెట్ల వైపు గ్రిల్లులకి వేసే షెడ్లలో చేస్తారు. కానీ ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీలు పెడతారు. కొన్ని పాత రైఫిళ్లకి ముందు సైట్ (గురి చూసే ముక్క) తగరం, సీసం కలిసిన టంకంతో అతికించి ఉంటుంది, ఆ టంకం 183 దగ్గరే కరుగుతుంది. పైగా ఆ పొర 60, 80 మైక్రాన్లు ఉంటుంది, కీలు దగ్గర బారెల్ బిగుసుకుపోతుంది. సెరాకోట్ అంటే స్ప్రే చేసే సెరామిక్ పూత, దాదాపు 25 మైక్రాన్లే, అది నిజంగా మంచి వస్తువు. కానీ వేసే ముందు ఇసుకతో బ్లాస్ట్ చేయాలి, స్ప్రే గన్ చేయి తిరగాలి. ఒక్క పాత బారెల్ కోసం ఆ హంగామా నాకు ఇష్టం లేదు.

మిగిలేది బ్లూయింగ్, అంటే ఉక్కు పైముఖాన్ని మందుతో నల్లబరచడం. ఫ్యాక్టరీల్లో చేసేది కాస్టిక్ సోడా, నైట్రేట్ ద్రావణాన్ని 140 డిగ్రీల దాకా మరిగించి ముంచడం. ఇంట్లో ఆ ఊసే ఎత్తొద్దు. నీటి చుక్క పడితే ఎగిరి కళ్లల్లో పడుతుంది. సీసాలో వచ్చే కోల్డ్ బ్లూ పది నిమిషాల పని, కానీ అది రంగు మాత్రమే, నాలుగు నెలల్లో చెయ్యి పడే చోట అరిగిపోతుంది. అందులో సెలీనియం ఉంటుంది, విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

నాకు నచ్చేది పాత పద్ధతి, తుప్పు బ్లూయింగ్. బారెల్‌ని జిడ్డు లేకుండా కడిగి, పలచని తుప్పు ద్రావణం ఒక్క చేతివాటున పూసి, తేమగా ఉన్న చోట వేలాడదీస్తే సన్నటి ఎర్ర తుప్పు పొర వస్తుంది. దాన్ని నీళ్లలో మరిగిస్తే ఆ ఎర్ర తుప్పు నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. కళ్ల ముందే ఎరుపు నలుపవుతుంది, మొదటిసారి చూసినప్పుడు నేను పని ఆపేసి అలాగే నిలబడిపోయాను. పైన మిగిలిన పొడిని మెత్తటి స్టీల్ ఊల్‌తో తీసేసి మళ్లీ పూయాలి. ఐదారుసార్లు. మరిగే నీళ్లు 100 డిగ్రీలే కాబట్టి టంకానికి భయం లేదు. రెండు చివర్లూ బిరడాలతో గట్టిగా మూసి, లోపల ముందే నూనె పట్టించి ఉంచాలి.

జూలైలో చెయ్. మన ఊళ్లో వర్షాకాలం చెక్క పనికి శత్రువు గానీ ఈ పనికి చుట్టం. బాత్రూంలో వేలాడదీస్తే చాలు.

ఒకటి గుర్తుపెట్టుకో. బ్లూయింగ్ తుప్పుని ఆపదు, నూనెని పట్టి ఉంచుతుంది అంతే. తుడవకుండా కేసులో పెట్టేస్తే తెల్లారేసరికి నీ వేలిముద్ర తుప్పు రంగులో గీతలతో సహా బారెల్ మీద ఉంటుంది.

సువర్ణ_కుంచె:
అలంకారం సంగతి నేను చెప్తాను. నాకు నిర్మల్ చిత్రాల పని వచ్చు, బిద్రీ పనివాళ్లతోనూ పరిచయం ఉంది.

బాబూ, బిద్రీ నలుపు ఉక్కుకి రాదు. బిద్రీ పాత్ర అంటే జింకులో కొద్దిగా రాగి కలిపిన లోహం. దాని మీద వెండి తీగ పొదిగి, చివర్లో బీదర్ కోట నుంచి తెచ్చిన మట్టినీ నవాసాగరాన్నీ నీళ్లలో కలిపి రుద్దుతారు. జింకు నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఆ మందు ఉక్కు మీద రాస్తే నీకు మిగిలేది తుప్పు. ఉక్కు మీద బంగారు పని చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లు. కత్తి పిడుల మీద ఉన్నది కోఫ్త్‌గిరీ. ఉక్కుని సన్నగా గళ్లు గళ్లుగా గీకి, ఆ గరుకులోకి బంగారు తీగని సుత్తితో కొట్టి పట్టిస్తారు. దగ్గరగా వంగి చూస్తే తీగ ఊడిన చోట ఆ గీతలు కనిపిస్తాయి.

నీకు నా సలహా ఏమిటంటే రూపాయి బిళ్లంత బిద్రీ గుండీ ఒకటి కొని, పట్టు అడుగున ఉన్న చదును ముఖంలో పొదుగు. చెంపకి తగలదు, చేతికి గుచ్చుకోదు. నీ నూనె ఫినిష్ అంతా అయ్యాక పొదగాలి, ముందు పొదిగితే రేగ్‌మాల్ తగిలి నలుపు పోతుంది. దాని నలుపు తగ్గినప్పుడల్లా కొబ్బరి నూనె ఒక్క చుక్క రుద్దితే మళ్లీ వస్తుంది. పైన తమ్ముడు అడిగిన కొబ్బరి నూనె ఇక్కడ పనికొచ్చింది చూశారా.

పువ్వులు పెయింట్ చేయించాలని మాత్రం అనుకోకు. పాత టేకు గీత కన్నా అందమైన పువ్వు నేను వేయలేను.

మల్కాజ్‌గిరి_టేకు:
ఐదు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

తునకల ఫలితాలు ముందు. లక్క వేసిన ముక్క అన్నిటికన్నా అందంగా ఉంది, ఇది ఒప్పుకోవాలి. తడి గ్లాసు రాత్రంతా పెడితే పొద్దుటికి తెల్లటి చక్రం పడింది. పీయూ ముక్కని సగం అసిటోన్‌తో తుడిచాను, సగం వదిలేశాను. తుడిచిన సగం గాజులా గట్టిపడింది. తుడవని సగం మూడో రోజు కూడా వేలికి అంటుకుంది, నా వేలిముద్ర ఇప్పటికీ దాని మీద ఉంది. తాళం చెవితో మూడింటి మీదా గీత గీశాను. పీయూ గీత తెల్లగా నిలిచిపోయింది. డానిష్ ఆయిల్ ముక్క మీద గీత రెండు నిమిషాల్లో మాయమైంది. అక్కడే నిర్ణయం అయిపోయింది.

స్టాక్‌కి మొత్తం ఆరు పూతలు. మొదటి రెండూ ధారాళంగా, పావుగంట ఆగి మొత్తం తుడిచేశాను. మూడో పూతలో 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడి మీదే రుద్దాను. చెక్క పొడి, నూనె కలిసి గంధంలా తయారై టేకు రంధ్రాల్లో నిండింది. ఈ కిటుకు మేస్త్రి కొడుకు తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు, దీంతో వచ్చిన నునుపు చూసి నేనే నమ్మలేకపోయాను. వానలు మొదలయ్యాక పూతకీ పూతకీ మధ్య ఒక రోజు చాలలేదు, మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. లోపలి గాడికి, స్క్రూ రంధ్రాలకి కూడా బడ్స్‌తో పట్టించాను. గుడ్డలన్నీ తీగ మీదే ఆరేశాను అక్కా.

బారెల్ విప్పడం, తుప్పు బ్లూయింగ్ రెండూ లేత్ భయ్యా షెడ్‌లోనే చేశాం. నాలుగోసారి మరిగించినప్పుడు నలుపు సమంగా వచ్చింది, ఆరోసారికి ఆపేశాం. కొత్త బారెల్‌లా మెరవదు. గండు చీమ వీపులా ఉంది, నాకు అదే నచ్చింది.

బిద్రీ గుండీ పొదిగాను. చిన్న పువ్వు, ఎనిమిది రేకులు.

నిన్న బాబాయికి చూపించాను. చేతికిచ్చేముందు ఆయన అరచేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నారు.

గచ్చిబౌలి_రేంజ్:
చాలా సంతోషం. స్టాక్ స్క్రూలు నెల తర్వాత ఒకసారి బిగించి చూడండి. కొత్త చెక్క సర్దుకుంటుంది, బిగువు తగ్గితే గుళ్లు పక్కకి పోతాయి. వర్షాకాలం అయ్యాక అక్టోబర్‌లో ఒక్క పలచని పూత, అది చాలు.

మల్కాజ్‌గిరి_టేకు:
అలాగే సర్. డబ్బాలో సగం డానిష్ ఆయిల్ మిగిలింది. అక్టోబర్ దాకా ఉంటుందా?

పాలిష్_మేస్త్రి_కొడుకు:
అలాగే వదిలేస్తే పైన మీగడ కట్టి, తర్వాత మొత్తం గడ్డ కడుతుంది అన్నా. డబ్బాలో ఉన్న గాలే దానికి శత్రువు. గాజు గోలీలు కడిగి, బాగా ఆరబెట్టి, నూనె మూత దాకా వచ్చేలా డబ్బాలో వెయ్యండి. మా నాన్న అలాగే చేసేవారు. మా ఇంట్లో గోలీలు ఇంకా ఉన్నాయి, ఆదివారం వస్తే ఇస్తాను.